సాగనంపే మాట

తవీటా స్టూడియో ఒకప్పుడు మాంసం కొట్టు. వెల్లింగ్టన్‌లో న్యూటౌన్ దగ్గర బస్సు దిగితే, చేపల వేపుళ్ళ కొట్టుని ఆనుకునే ఉంటుంది. ముందు గది గోడకి ఇప్పటికీ నీలం గొర్రె బొమ్మ వేసిన పలకలున్నాయి. వెనక ఉన్నది మాంసం వేలాడదీసే చల్లగది. గోడలు జానెడు మందం, తలుపు ఇనుపది. బయట దక్షిణపు గాలి వీధిలో చెత్తడబ్బాలు దొర్లించుకుపోతున్నా లోపల చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. అందుకే తవీటా కొక్కేలు పీకించి, గోడలకి నల్లటి స్పాంజి అంటించి, దాన్ని మాటలు రికార్డు చేసే గదిగా మార్చుకున్నాడు. కొక్కేలు వేలాడిన ఇనప కమ్మీ మాత్రం పైన అలాగే ఉంది. ఆ గది చల్లదనం కూడా పూర్తిగా పోలేదు.

రిపేకా ఆ మధ్యాహ్నం అక్కడికి పోట్లాడ్డానికే వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. జుట్టు బిగించి ముడేసుకుని, ఆకుపచ్చ రాతి బిళ్ళ మెళ్ళో వేసుకుని, దారంతా బస్సులో తిట్లు వల్లె వేసుకుంటూ వచ్చింది.

"మాంసం కూరి కాల్చిన 'పై' తెచ్చాను, వేడిగా ఉంది ఆంటీ, తినండి," అన్నాడు తవీటా. సమోవా మనిషి, గుమ్మంలో తల వంచుకుని నడిచేంత పొడుగు. గొంతు మాత్రం మెత్తన.

"నువ్వు తిను నాయనా. నేనివాళ మనిషిని తినడానికొచ్చాను. మాంసం కొట్టే కదా ఇది!"

తవీటా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

పాత సినిమాల్ని దుమ్ము దులిపి, గీతలు తుడిచి, బ్లూరే డిస్కులుగా అమ్మడం తవీటా వ్యాపారం. ఈసారి అతను పట్టుకున్నది 'ఉప్పు చందమామ'. నలభై ఏళ్ళ కిందటి సినిమా. చంద్రుడి మీద ఎండిపోయిన సముద్రంలోంచి ఒకమ్మాయి వచ్చి ఇక్కడి ఒడ్డున తేలుతుంది. లైట్‌హౌస్ కాపలావాడు ఆమెని ప్రేమిస్తాడు. ఈ భూమ్మీద గడిపే ప్రతి రోజుకీ ఆమె ఒక్కో మాట పోగొట్టుకుంటుంది. పోయిన మాట ఇక తిరిగి రాదు. మధ్యలో చేపలు మెట్లెక్కి వచ్చి భోజనాల బల్ల చుట్టూ కూర్చుంటాయి, దీపం వెలుగు పడ్డచోటల్లా మంచు కురుస్తుంది, ఎందుకో తీసినవాడికైనా తెలుసో లేదో. చివరికి మాటలన్నీ అయిపోయి, ఆమె నోరు మెదపకుండా సముద్రంలోకి నడిచిపోతుంది. హాళ్ళలో అది వారం ఆడలేదు. వీడియో క్యాసెట్టుగా వచ్చాకే పిచ్చి అభిమానులు పుట్టుకొచ్చారు, టోక్యో నుంచి టొరాంటో దాకా.

ఆ చందమామ పిల్ల వేషం వేసింది మెరెయానా. రిపేకాకి సొంత అక్క. చలి సముద్రంలో ఆఖరి సన్నివేశం తీశాక న్యుమోనియాతో మంచమెక్కి, సినిమా చూసుకోకుండానే పోయింది.

తెర నిండా అక్క మొహమే. గొంతు మాత్రం ఎక్కడా లేదు. "చంద్రుడి మీంచి ఊడిపడ్డ పిల్ల హోకియాంగా పల్లె యాసలో మాట్లాడితే ఎవడు చూస్తాడు?" అన్నాడు దర్శకుడు డెస్మండ్. సిడ్నీ నుంచి ఒక నటిని రప్పించి, ఆమె చేత మాటలు చెప్పించి అక్క పెదాల మీద అతికించాడు. మెరెయానా గొంతున్న టేపుల మీద వేరే ఏదో రికార్డు చేసేశారు. బతికుండగా ఒంట్లో వేడి తీశాడు, పోయాక నోట్లో మాట తీశాడు. తలుచుకుంటే రిపేకాకి ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పోనీ అక్కడితో ఆగాడా? మైకు కనిపించిన చోటల్లా ఒక కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు మెరెయానా కాస్త తాగిందట. వద్దన్నా వినకుండా మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి దిగిందట. "సముద్రాన్ని ప్రేమించిన పిల్ల," అని చివర్లో కళ్ళొత్తుకుంటాడు. మెరెయానా జన్మలో చుక్క ముట్టలేదు. కానీ పత్రికలన్నీ ఆ ముక్కే రాశాయి, పుస్తకాల్లోకీ అదే ఎక్కింది. తన కూతురు తాగి చచ్చిందన్న మాట వింటూ వింటూనే రిపేకా తల్లి కన్నుమూసింది.

ఇప్పుడు ఈ డిస్కు. ఇందులో సినిమాతో పాటు ఇంకో శబ్దం కూడా పెడతారు. సినిమా తీసినవాళ్ళు కూర్చుని, బొమ్మ నడుస్తుంటే దాని ముచ్చట్లు చెబుతారు. రిమోట్ మీద మీట నొక్కితే సినిమా మాటలు తగ్గి ఆ ముచ్చట్లు వినబడతాయి. అందులో డెస్మండ్ ఆ కథ చెప్పాడంటే ఇక శిలాశాసనమే. మనిషి ఎనభై దాటాడు. తర్వాత కాదన్నా వినేవాళ్ళుండరు.

తవీటాకి ఆ సంగతి తెలుసు. అందుకే రిపేకాని కూడా పిలిచాడు. ఆ సినిమాకి బట్టలు చూసే పనిలో చేరిన పిల్ల రిపేకా. ఆఖరి రోజు ఒడ్డున పొడి దుప్పటి పట్టుకుని నిలబడ్డది ఆవిడే.

డెస్మండ్ వచ్చాడు. తెల్ల మఫ్లరు, వెండి పిడి చేతికర్ర.

"రిపేకా! బంగారుతల్లీ! అచ్చం మీ అక్క కళ్ళే!"

"మా అక్క కళ్ళు మా అక్కవి. నావి నావి. అబద్ధం ఆడేటప్పుడు వీటిలోకి చూసి ఆడు, అందుకే వచ్చాను."

డెస్మండ్ తవీటా వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. "ఈవిడ కోపం కూడా రికార్డు చేస్తావా నాయనా?"

"ముందు లోపలికి రండి సార్," అన్నాడు తవీటా.

చల్లగదిలో ఒక చిన్న తెర, రెండు కుర్చీలు, రెండు మైకులు. చెవులకి పెట్టుకోడానికి రెండు హెడ్‌ఫోన్లు. గోడకి కోసిన అద్దపు కిటికీ అవతల తవీటా కూర్చుంటాడు.

"సినిమా నడిచినంతసేపూ నడుస్తుంది, మధ్యలో ఆపను," అని చెప్పాడు. "తడబడ్డా ఫరవాలేదు, మాట్లాడుతూనే ఉండండి. ఆపి మొదలుపెడితే అతుకు తెలిసిపోతుంది. నిజంగా ఆపాల్సొస్తే ఆపమని నోటితో చెప్పండి."

ఇనప తలుపు మూసుకుంది. దీపాలారిపోయాయి.

చీకట్లో పాత కొవ్వు వాసన. ఎన్నిసార్లు కడిగినా పోని వాసన. తెర మీద నల్లటి నీళ్ళు, దాని మీద ఉప్పు తెట్టె. ఆ తెట్టెని పగలగొట్టుకుని ఒక మొహం పైకి లేచింది.

క్యాసెట్టులో ఆ మొహం ఎప్పుడూ అలికినట్టుండేది. ఇప్పుడు కనురెప్పల మీద నీటిబొట్టు కూడా తెలుస్తోంది. పై పెదవి మీద, చిన్నప్పుడు కంచె దూకి కోసుకున్న మచ్చ. ఆ మచ్చ సంగతి రిపేకా మరిచేపోయింది.

"రా," అంది, మైకుకి అందనంత మెల్లగా. "రా అక్కా. నీ గురించి ఏం వాగుతాడో వచ్చి విను."

హోకియాంగాలో, వాళ్ళ ఊళ్ళో, పోయినవాళ్ళతో మాట్లాడ్డం వింతేమీ కాదు. ఊరందరూ కూడే ఇల్లు మరాయె. దాని ముంగిట్లో, మూత తీసిన శవపేటిక పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తారు, ఏడుస్తారు, తీరని తగవులుంటే కడిగేస్తారు కూడా. ముందు 'రా' అంటారు. చెప్పుకోవాల్సిందంతా అయ్యాక 'వెళ్ళు' అంటారు. 'పో' కాదు, అది తరమడం. 'వెళ్ళిరా' కాదు, అది రమ్మనడం. ఉత్త 'వెళ్ళు'. ఆ మాట అనకుండా ఎవరూ లేవరు. పిలిచిన నోరే సాగనంపాలి అనేది పెద్దమ్మ. మెరెయానా పోయినప్పుడు సాగనంపింది కూడా ఆవిడే, గొంతు బొంగురుపోయేదాకా.

రిపేకా మొదటి మాట అంది. రెండోది సినిమా అయ్యాక అనొచ్చులే అనుకుంది.

డెస్మండ్ మొదలుపెట్టాడు. ఎన్నిసార్లో చెప్పి అరగదీసిన మాటలు, నున్నగా జారిపోతున్నాయి. చేపల్ని మెట్లెలా ఎక్కించాడో, మంచుకి బదులు ఏ పిండి వాడాడో. హెడ్‌ఫోన్లలో సినిమా శబ్దం సన్నగా, అడుగున వినిపిస్తోంది. సిడ్నీ నటి గొంతు. చందమామ పిల్ల దీపం ముందు నిలబడి, "దీన్ని నేనేమనేదాన్ని?" అని కాపలావాణ్ణి అడుగుతోంది.

అప్పుడే రిపేకాకి ఏదో తేడాగా అనిపించింది. ఆ గొంతు వెనకాలే ఇంకో గొంతు వస్తోంది. అదే మాట, అర క్షణం ఆలస్యంగా. మొదట యంత్రంలో ప్రతిధ్వని అనుకుంది. కానీ ప్రతిధ్వనికి యాస ఉండదు కదా.

"దీన్ని నేనేమనేదాన్ని?"

హోకియాంగా యాస…

రిపేకా అద్దం వైపు చూసింది. తవీటా ముందుకు వంగి ఏవో మీటలు తిప్పుతున్నాడు. మొహం చిట్లించి ఉంది.

కొవ్వు వాసన పోయింది. దాని బదులు ఇంకో వాసన వస్తోంది. ఉప్పు, ఒడ్డున కుళ్ళిన నాచు.

తెర మీదకి సముద్రం వచ్చింది. డెస్మండ్ గొంతు తడి చేసుకున్నాడు. ఆ కథ చెప్పే చోటు అదే.

"ఆఖరి రోజు గురించి చాలామంది అడుగుతారు," అన్నాడు. "అందరం ఎంతో జాగ్రత్తగా ఉన్నాం. తను నీళ్ళలోంచి రాగానే నేనే పరుగెత్తుకెళ్ళి తన భుజాల మీద… భుజాల మీద…"

ఆగాడు.

"అదే… కప్పుతాం చూడు. ఊలుది. ఏమంటారు దాన్ని?"

నటిస్తున్నాడనుకుంది రిపేకా. "దుప్పటి," అంది.

"ఏమిటి?"

"దుప్పటి!"

డెస్మండ్ హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు. "నీ నోరు కదులుతోంది, మాట వినబడ్డం లేదు."

రిపేకాకి మాత్రం వినబడింది. తను అన్నది కాదు. చెవిలో, దగ్గరగా, పడుచు గొంతొకటి ఆ మాటని చప్పరించినట్టు పలికింది.

"దుప్పటి."

అయినా ముందు కోపమే వచ్చింది, నలభై ఏళ్ళ కోపం.

"దుప్పటి నా చేతిలో ఉంది డెస్మండ్. కప్పబోతే నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు. తడి ఆరిపోతే తర్వాతి షాటుకి కలవదన్నావు. జుట్టు కూడా తుడవనివ్వలేదు. పళ్ళు కొట్టుకుంటున్నాయి మా అక్కకి, ఆ చప్పుడుకి మాటలు పాడవుతున్నాయని విసుక్కున్నావు కూడా!"

"అప్పట్లో పని అలాగే ఉండేది బంగారం. పైగా తను ఆ రోజు కాస్త… కాస్త…"

చెయ్యి పైకెత్తి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. ఆ సైగకి తగ్గ మాట రాలేదు. పెదాలు వెతుక్కుంటున్నాయి. చెమట పట్టిన నుదురు తెర వెలుగులో మెరిసింది.

హెడ్‌ఫోన్లలో పడుచు గొంతు ఆ మాట కూడా అంది. మెల్లగా, అసహ్యంగా. సిడ్నీ నటి గొంతు ఇప్పుడు బొత్తిగా లేదు.

"తనే అడిగింది… తనే… ఇంకో… ఇంకో…"

"ఇంకో ఏమిటి? చెప్పు!"

చెప్పలేకపోయాడు. డెస్మండ్ రిపేకా వైపు తిరిగాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ కళ్ళలో నాటకం లేదు. హెడ్‌ఫోన్లు లాగి కింద పడేశాడు. అయినా ఏదో వినిపిస్తున్నట్టు చెవులు మూసుకున్నాడు.

"ఆ…" అన్నాడు తవీటాకేసి చూస్తూ. "ఆ… ఆ…"

ఆపమని చెప్పాలి. నోటితో చెప్పాలి. ఆ మాట కూడా పోయింది.

తవీటా చెయ్యి మీట మీద ఉంది. కళ్ళు రిపేకా మీద ఉన్నాయి. అద్దం అవతల నుంచి పెదాలు మాత్రం కదిలాయి. 'ఆపనా ఆంటీ?'

రిపేకాకి ఆ క్షణంలో జాలి వెయ్యలేదు. వెయ్యాల్సింది, కానీ వెయ్యలేదు. తల అడ్డంగా ఊపింది. కానియ్. మా అక్క కోసం ఎవరైనా ఆపమన్నారా ఆ రోజు?

సినిమా చివరికొచ్చింది. బూడిదరంగు ఒడ్డు. తడి గౌనుతో మెరెయానా సముద్రం వైపు నడుస్తోంది. ఈ షాటు రిపేకాకి కంఠతా వచ్చు. వెనక్కి తిరగదు. అలల్లోకి నడిచిపోతుంది, తెర తెల్లబడుతుంది, అంతే.

మెరెయానా అలల అంచున ఆగింది.

రిపేకా కుర్చీలో ముందుకు వంగింది.

మెల్లగా తిరిగింది. పెదాలు నీలం. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు చెవుల్లో స్పష్టంగా… తెరలోంచి చూస్తోంది. రిపేకా వైపు కాదు, పక్క కుర్చీ వైపు.

"మళ్ళీ," అంది.

ఆ రోజు ఒడ్డున డెస్మండ్ కేకేసిన మాట. గాలిలో, వానలో, పొద్దు గూకేదాకా అతని నోట్లోంచి వచ్చిన ఒకే మాట.

తెర ఒకసారి కంపించింది. మెరెయానా ఇసక మీద మొదటి చోటే ఉంది. నడిచింది. ఆగింది. తిరిగింది.

"మళ్ళీ."

మళ్ళీ నడిచింది. ఈసారి అడుగులు తడబడుతున్నాయి. ఏ సినిమాలోనూ లేని షాట్లు ఇవి. ఎప్పుడో పారేసినవి.

"మళ్ళీ… మళ్ళీ…"

పక్కన కుర్చీ దభాలున పడింది. డెస్మండ్ నేల మీద ముడుచుకుపోయి వణుకుతున్నాడు. నోరు తెరిచి ఉంది, అందులోంచి ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. మఫ్లరు తడిసి, దాని కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి.

తవీటా తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. తర్వాత అంబులెన్సు, స్ట్రెచరు, వీధిలో జనం. ఆ హడావుడిలో రిపేకా అనాల్సిన రెండో మాట అనలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా అనలేదు.

మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ఆ వయసులో మామూలేనన్నారు. మనిషి బతికాడు కానీ నోట ఒక్క మాట మిగల్లేదు. నర్సులు ఎన్ని కప్పినా వణుకు తగ్గదట, ఒళ్ళు పట్టుకుంటే చేతికి ఉప్పు అంటుతుందట.

కొన్నాళ్ళకి తవీటా రిపేకా ఇంటికొచ్చాడు. టీ ముట్టుకోలేదు.

"మీ మైకొకటి, ఆయన మైకొకటి," అన్నాడు. "మూడో మైకు నేను పెట్టలేదు ఆంటీ, అయినా మూడో గొంతు రికార్డయింది. మా చర్చి మీద ఒట్టు."

లాప్‌టాప్‌లో వినిపించాడు. డెస్మండ్ మాటలు తడబడి ఆగిన చోటల్లా, ఆ ఖాళీలో, మెరెయానా గొంతు. ఆ రోజంతా పూసగుచ్చినట్టు చెబుతోంది. ఎవరు అడ్డం పెట్టారో, ఎవరు కేకలేశారో. హోకియాంగా యాసలో, మధ్యమధ్య వెక్కిరింపుగా నవ్వుతూ. ఆ నవ్వు విని రిపేకా బల్ల మీద తల పెట్టుకుని బావురుమంది.

తవీటా ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆంటీ… ఆ రోజు పిలిచారు కదా మీరు. మీ పెదాలు చూశాను. సాగనంపారా?"

రిపేకా తల దించుకుని మెళ్ళో రాతి బిళ్ళని గుప్పిట పట్టుకుంది.

"మా అమ్మయితే ఇది తగలబెట్టమనేది. మీరు ఊ అంటే ఇప్పుడే చెరిపేస్తాను."

"చెరుపుతావా?" రిపేకా తలెత్తింది. కళ్ళు నిప్పులు కురిశాయి. "ఒకసారి చెరిపారు చాల్లేదా? నలభై ఏళ్ళు దాని నోరు నొక్కేశారు. నాలుగు రోజులు మాట్లాడనీ. వినాల్సిన వాళ్ళంతా వింటే, అప్పుడు నేనే సాగనంపుతాను. నా అక్క, నా ఇష్టం!"

డిస్కు వచ్చింది. చూసినవాళ్ళు నిర్ఘాంతపోయారు. ఎక్కడో టేపు దొరికిందనుకున్నారు అందరూ. తాగుబోతని రాసిన పత్రికే క్షమాపణ వేసింది. హోకియాంగాలో తల్లి సమాధి దగ్గర రిపేకా ఆ కాగితం పైకి చదివింది. వానలో నిలబడి, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ చదివింది. గెలిచింది. అంతకంటే ఆవిడకి ఈ లోకంలో కావాల్సింది లేదు.

వాన పడుతున్న ఒక ఆదివారం మధ్యాహ్నం మనవరాలు కాహు వచ్చింది. ఇంకా పళ్ళూడుతున్న పిల్ల. ముసలమ్మలా గంభీరమైన మొహం, నోరు మాత్రం ఆగదు.

"అమ్మమ్మా, సినిమాలో ఉన్న అమ్మమ్మని చూపించవా? మా క్లాసులో ఎవరికీ చందమామ అమ్మమ్మ లేదు తెలుసా!"

రిపేకా నవ్వి డిస్కు పెట్టింది. ఇంట్లో పెట్టడం అదే మొదటిసారి. పిల్లని సోఫాలో కూర్చోబెట్టి, బీరువాలోంచి ఆ పాత గళ్ళ ఊలుది తీసి కప్పింది. ఆ రోజు ఒడ్డున చేతిలో మిగిలిపోయింది, ఇన్నేళ్ళూ మడత నలగకుండా దాచుకుంది. తర్వాత టీ పెట్టుకోడానికి వంటింట్లోకి నడిచింది.

ఫోను మోగింది. తవీటా.

"ఆంటీ… డిస్కు కొన్నవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు."

"ఏం, బాలేదంటున్నారా?"

"డిస్కు గురించి కాదు. నెల్సన్ నుంచి ఒకాయన… వాళ్ళావిడ ఉప్పు చేత్తో పట్టుకుని ఇదేమిటి అంటోందట. ఇంకొకావిడ, కొడుకుని పిలవబోతే పేరు… పేరు రావడం లేదట. ఒకరిద్దరు కాదు ఆంటీ…" తవీటా ఊపిరి వినిపిస్తోంది. "మీరు ఇంట్లో పెట్టలేదు కదా?"

హాల్లోంచి అలల చప్పుడు.

రిపేకా చేతిలో కప్పు జారింది.

పరుగున వచ్చి చూసింది. తెర మీద బూడిదరంగు ఒడ్డు. సినిమా అప్పుడే అక్కడికి రాకూడదు. కాహు సోఫాలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మెడదాకా కప్పుకున్నదాని అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, వింతగా చూస్తోంది.

"అమ్మమ్మా, ఇదెందుకు తడిసింది?"

అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. కాహు పెదాలు నీలంగా ఉన్నాయి.

"అమ్మమ్మా… దీన్ని ఏమంటారు?"

రిపేకా నోరు తెరిచింది. చెప్పడానికి ఏమీ లేదు. ఆ మాట ఉండాల్సిన చోట చల్లటి గాలి…

టీవీ తీగ లాగి పడేసింది. తెర ఆరలేదు. పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. మంచుగడ్డలా ఉంది ఆ ఒళ్ళు. కాహు ఇంకేదో అడగబోతోంది, పెదాలు కదుపుతోంది, మాట అందక బిత్తరచూపులు చూస్తోంది.

సరే. పిలిచిన నోరే… చెయ్యాల్సింది రిపేకాకి తెలుసు. అక్క పోయినప్పుడు పెద్దమ్మ ముంగిట్లో నిలబడి అరిచింది. చెయ్యి ఎలా చాచిందో గుర్తుంది. గొంతు బొంగురుపోవడం గుర్తుంది. చిన్న మాట. ఎంత చిన్న మాట! ఎన్ని చావుల్లో అనలేదు తను?

తెర ముందు నిలబడింది. అక్క అలల అంచున ఆగింది. తిరుగుతోంది.

"అక్కా!" అంది రిపేకా. "నా తప్పే, నేనే ఉంచేశాను. పసిది అక్కా ఇది… చాలు. ఇక… ఇక నువ్వు…"

నోటిదాకా వచ్చింది. నాలుక దాన్ని వెతికింది. పళ్ళ వెనక, అంగిట్లో, ఎక్కడా లేదు.

"ఇక… అక్కా… నువ్వు…"

మెరెయానా ఆసక్తిగా చూస్తోంది. పెదాల మీద మచ్చ పక్కన చిన్న నవ్వు. చిన్నప్పుడు ఏదైనా దాచిపెట్టి, వెతుక్కో అన్నప్పటి నవ్వు.

రిపేకా కళ్ళు మూసుకుంది. బలమంతా కూడదీసుకుని, చెయ్యి చాచి, పెద్దమ్మలాగే గట్టిగా అరిచింది. ఆవిడ దగ్గర మిగిలిన మాట ఒక్కటే. అదే బయటికొచ్చింది.

"రా."

కళ్ళు తెరిచేసరికి తెర మీద ఒడ్డు ఉంది, అలలున్నాయి, మనిషి లేదు. వెనక, నడవలో, తడి గౌను నేలకి రాసుకుంటున్న చప్పుడు.